ఎనిమిదో కంచం పరిరక్షణ

మా జోజప్ప ఇంటిని కాపాడింది నేనే. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, తప్పు ఒప్పుకోవడానికి చెబుతున్నాను. నా పేరు చిన్నప్ప. కలెక్టరాఫీసులో ముప్పై నాలుగేళ్లు చిత్తుప్రతులు రాసి రిటైరయ్యాను. చేతికి కలం ఇస్తే ఎంత తిన్నని సంగతినైనా ఎనిమిది ఉపనిబంధనల్లోకి మడత పెట్టేయగలను. ఈ విద్యకి రిటైర్మెంటు లేదని మా ఆవిడ అంటుంది. ఆవిడ దీన్ని పొగడ్తగా అనదు.

జోజప్ప ఇల్లు మా పట్నంలో రైల్వే గేటు పక్కన ఉంది. పెంకుటిల్లు. పల్లెల నుంచి చదువుకో ఉద్యోగానికో వచ్చిన కతోలిక కుర్రాళ్లు లాడ్జీల్లో ఒంటరిగా పడి ఉండకూడదని ఫాదర్ లూర్దయ్యగారు 1979లో ఆ ఇంటిని ఏడుగురికి ఇచ్చారు. పునీత జోజప్పగారి పేరు పెట్టారు. నిబంధనలు మూడే, అవీ నోటిమాటగా చెప్పారు. కలిసి వండుకోండి. సాయంత్రం కలిసి జపమాల చెప్పుకోండి. భోజనానికి కూర్చునేటప్పుడు ఏడుగురికీ ఎనిమిది కంచాలు పెట్టండి. ఎనిమిదో కంచం తలుపు తట్టినవాడిది. వాడు ఎవరని అడగాలనిపిస్తే తిన్నాక అడగండి.

ఆ కంచంలో తిననివాళ్లు లేరు. రైలు తప్పిపోయినవాళ్లు తిన్నారు, రిక్షావాళ్లు తిన్నారు. ఓట్లడగడానికి వచ్చిన కౌన్సిలరు అభ్యర్థి ఒకాయన రెండోసారి కూడా పప్పు వేయించుకుని ఓడిపోయాడు. సైకిలు పంపు ఎత్తుకుపోదామని వచ్చిన ఒకడు భోంచేసి, పంపు ఎక్కడుండాలో అక్కడ పెట్టి వెళ్లాడు. ఆ ఇంట్లో నా మొదటి భోజనం కూడా ఆ కంచంలోనే. పంతొమ్మిదేళ్ల వయసులో రేకుపెట్టె పట్టుకుని, వెళ్లవలసిన బంధువుల చిరునామా పోగొట్టుకుని, దీపం కనిపించిన తలుపు తట్టాను. అంచు సొట్టపోయిన సత్తు కంచం. అందులో అన్నం, చారు. తిన్నాక పేరడిగారు. ఆరేళ్లు ఉండిపోయాను.

మొన్న జనవరిలో జెరోమ్ అనే కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. జోజప్ప ఇంట్లో ఇప్పుడున్న నలుగురిలో పెద్దవాడు. గోడ మీది పాత ఫొటో వెనకాల పేర్లు చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో బిషప్‌గారి మేత్రాసనం ఆస్తులు చూసే ఫాదర్ గ్రెగోరీగారి ఉత్తరం ఉంది.

"పై గృహమందు సమాజ జీవనము క్షీణదశలో నున్నట్లు మా దృష్టికి వచ్చినది. రాబోవు పునీత జోజప్పగారి మహోత్సవము నాటికి, అనగా మార్చి పందొమ్మిదవ తేదీకి, ఏడుగురు యువకులు సదరు జీవనము గడుపుచున్నట్లు తనిఖీలో రుజువు కానిచో, ఆ స్థలము కల్యాణ మండపమునకు వచ్చు వాహనముల నిలుపుదలకు వినియోగింపబడును."

చదువుతుంటే నా ఒళ్లు పులకరించింది. కోపంతో కాదు, శైలికి.

"ఏడుగురు కావాలంటున్నారు సార్," అన్నాడు జెరోమ్. "మేం నలుగురం ఉన్నాం. మా ఊరి పిల్లోళ్లు ఇంకో ముగ్గురున్నారు. ఆదివారం పూజ అయ్యాక పెట్టెలు తెచ్చుకుంటామన్నారు. మీరు ఫాదర్‌గారితో ఒక్క మాట చెప్తే సరిపోద్ది. ఈ ఇల్లు పోతే మేం ఎవరికి వాళ్లం విడిపోతాం సార్. కలిసుంటే బాగుంది మాకు."

నాలుగూ మూడూ ఏడు. సమస్య అక్కడే తీరిపోయింది. కానీ ఒక్క మాటతో అయ్యే పనిని ఒక్క మాటతో చేసిన అలవాటు నాకు లేదు. "కంగారు పడకు బాబూ, ఒక సంఘం పెడదాం," అన్నాను.

పాతవాళ్లం ఏడుగురం దొరికాం. రిటైర్డ్ హెడ్మాస్టరు మరియదాసుగారు అధ్యక్షుడు, సిమెంటు డీలరు బాలశౌరి కోశాధికారి, నేను కార్యదర్శి. తక్కిన నలుగురు చేతులెత్తే సభ్యులు. సంఘం పేరు జోజప్ప గృహ యువజన సమాజ జీవన పరిరక్షణ సంఘం. పేరు పెట్టడానికే మొదటి సమావేశం సరిపోయింది. టీ బాగుంది.

రెండో సమావేశంలో జెరోమ్ ఆ ముగ్గురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. పెట్టెలతో సహా వచ్చారు.

మరియదాసుగారు కళ్లజోడు సవరించుకుని, "చేర్చుకొనుట అనగా నియామకము. నియామకమునకు విధివిధానములు ఉండవలెను," అన్నారు. ఆయన ఇంట్లో మామూలుగానే మాట్లాడతారు. కుర్చీలో కూర్చుంటే గ్రాంథికం వస్తుంది.

విధివిధానాలు నేను రాశాను. వయస్సు పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు లోపు. సమాజ జీవనంలో కనీసం పదేళ్ల అనుభవం.

జెరోమ్ ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. "సార్, పద్దెనిమిదేళ్లోడికి పదేళ్ల అనుభవం ఎట్టా వస్తది? ఎనిమిదో ఏటి నించీ ఇక్కడే ఉండాల."

"అది అభ్యర్థి చూసుకొనవలసిన విషయము," అన్నారు అధ్యక్షులు.

ముగ్గురూ పెట్టెలు ఎత్తుకుని వెళ్లిపోయారు. అందులో ఒకడి పెట్టె రేకుపెట్టె. నేను దాన్ని చూసి ఫైలులోకి తల దించుకున్నాను.

కాపాడాలంటే ముందు దేన్ని కాపాడాలో తేల్చాలి కదా. ఇల్లు మొదలైన రోజు ఎలా ఉందో అలాగే ఉంచడమే పరిరక్షణ అని మూడో సమావేశం తీర్మానించింది. ఆ తీర్మానం నాదే. అంత చక్కటి వాక్యం నేను సర్వీసులో కూడా రాయలేదు. దాని ప్రకారం 1979లో లేనివన్నీ ఇంట్లోంచి బయటికి వెళ్లాలి. గ్యాసు పొయ్యి వెళ్లింది, సీలింగు ఫ్యాన్లు వెళ్లాయి, మంచినీళ్ల ఫిల్టరు వెళ్లింది. కిరసనాయిలు స్టవ్వు ఒకటి పాత సామాన్ల కొట్టులో దొరికింది గానీ కిరసనాయిలు ఎక్కడా దొరకలేదు. కాబట్టి కుర్రాళ్లను వంట చేయడం నుంచి సంఘం మినహాయించింది. హోటలు నుంచి నాలుగు క్యారియర్లు వచ్చేవి. తలా ఒకటి. ఎవరి క్యారియరు వాళ్లు విప్పుకుని ఎవరి మంచం మీద వాళ్లు తినేవారు. ఫాదర్ లూర్దయ్యగారి మూడు మాటల్లో మొదటిది అలా క్షేమంగా భద్రపడింది.

రెండోది జపమాల. లూర్దయ్యగారి కాలంలో సాయంత్రం ఆరున్నరకి మొదలయ్యేదని మరియదాసుగారికి బాగా గుర్తు. జెరోమ్ డ్యూటీ దిగేది ఏడింటికి. అతను వచ్చేదాకా తక్కినవాళ్లు ఆగేవారు. ఏడుంబావుకి నలుగురూ మోకరించి చెప్పుకునేవారు. ఒకరోజు బాలశౌరి గోడ పక్క నుంచి వెళుతూ ఆ పరలోక జపం విన్నాడు. మర్నాడే నేను నోటీసు రాశాను. నిర్ణీత వేళ దాటి చెప్పబడుతున్న అనధికార జపమాలను తక్షణమే నిలిపివేయవలెను.

నోటీసు అందుకున్న జెరోమ్ నా ముఖంలోకి చూశాడు. "మనసులో చెప్పుకోవచ్చా సార్?"

"మనసు గురించి నిబంధనల్లో ఏమీ లేదు," అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే. అసలు సిగ్గు తర్వాత వచ్చింది.

అది ఎనిమిదో కంచం దగ్గర వచ్చింది. ఆ సత్తు కంచం ఇంకా ఉంది. నలభై అయిదేళ్లుగా వాడుతూనే ఉన్నారు. నలుగురే ఉన్నా దాన్ని ఎనిమిదో కంచం అనే పిలుస్తున్నారు. దాన్ని చూసి మరియదాసుగారు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఇంత అమూల్యమైన వస్తువులో ఎవరు పడితే వాళ్లు అన్నం తినడమేమిటని బాలశౌరి బాధపడ్డాడు. సాయంత్రానికల్లా అద్దాల పెట్టె వచ్చింది. తాళం అధ్యక్షుల వారి జేబులో. ఇక ఆ కంచం కొత్త సొట్ట పడకుండా, వంకర పోకుండా, మెతుకు తగలకుండా శాశ్వతంగా ఉంటుంది. అతిథి ఎవరైనా రాదలిస్తే మూడు రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. విచారణ గురువులు, అంటే వాళ్ల చర్చి ఫాదరు, ఇచ్చిన పరిచయ పత్రం జత చేయాలి. దరఖాస్తు నమూనా తయారుచేసింది ఎవరో మళ్లీ చెప్పాలా?

కుర్రాళ్లు తమకు తోచినట్టు ఒక స్టీలు కంచం కొనుక్కొచ్చి ఆ స్థానంలో పెట్టారు. అది 1979 నాటిది కాదు గనక మేం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ వారమే, మేము ఇంట్లో కొలతలు తీస్తుండగా ఒకాయన తలుపు తట్టాడు. నెత్తిన తువ్వాలు, చంకలో సంచి. యాభై దాటి ఉంటాయి. కూతురు ఆస్పత్రిలో ఉందట. ఇక్కడ అడిగితే అన్నం పెడతారని ఆస్పత్రిలో ఎవరో చెప్పారట. జెరోమ్ అప్పటికే తన క్యారియరులోంచి అన్నం స్టీలు కంచంలోకి తీస్తున్నాడు.

"పరిచయ పత్రము ఉన్నదా?" అన్నారు మరియదాసుగారు.

"ఏం పత్రం బాబూ?"

"మీ విచారణ గురువులు ఇచ్చినది."

"అయ్యా, మేం మీ మతమోళ్లం కాదండి."

ఇది మా నిబంధనల్లో ఊహించని పరిస్థితి. అధ్యక్షులు నా వైపు చూశారు. నేను ఒక్క క్షణం ఆలోచించాను. పెట్టండి అనవచ్చు, ఒక్క మాట. "అట్టివారు తమ గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణ తేవచ్చును," అన్నాను. నలభై అయిదేళ్ల కిందట నా దగ్గర ఏ ధ్రువీకరణా లేదు, చిరునామా కాగితం కూడా లేదు. అది గుర్తుండీ అన్నాను.

ఆయన సంచి సర్దుకున్నాడు. "పర్లేదులే బాబూ," అని వెళ్లాడు. జెరోమ్ కంచం పట్టుకుని గేటు దాకా పరుగెత్తాడు గానీ ఆయన అప్పటికే గేటు దాటి జనంలో కలిసిపోయాడు. సమావేశపు మినిట్సులో నేను ఇలా రాశాను. సందర్శకుడు స్వచ్ఛందముగా నిష్క్రమించెను.

ఫిబ్రవరిలో బాలశౌరి ఒక ఇంజనీరును తీసుకొచ్చాడు. ఆయన గుమ్మపు రాయిని వేలితో తడిమి, నడుమ అరిగిందని చెప్పాడు. నాపరాళ్లు అరిగాయి, మంచాల నవారు వదులైంది, గోడలకు తలనూనె మరకలున్నాయి. ఇంటి అరుగుదలకు ముఖ్య కారణం నివాసం అని నివేదిక ఇచ్చాడు. సంఘం గంటన్నర చర్చించింది. చివరకు పరిరక్షణ పూర్తయ్యేదాకా నివాసులు తాత్కాలికంగా నివాసం మానుకోవాలని తీర్మానించింది.

నోటీసు ఇవ్వడానికి నేనే వెళ్లాను. జెరోమ్ చదివి మడిచాడు.

"మేం ఉండాలని కదా సార్ మీ దగ్గరికి వచ్చింది. మేం లేకపోతే ఇంక ఎవరి కోసం కాపాడతన్నారు?"

"ఆ ప్రశ్న అజెండాలో లేదు బాబూ," అన్నాను.

మధ్యాహ్నానికి ట్రాలీ ఆటో వచ్చింది. నాలుగు పెట్టెలు, నాలుగు చాపలు, మేం బయట పడేసిన గ్యాసు పొయ్యి, మరియమాత పటం ఎక్కించారు. జెరోమ్ తాళం చెవి నా చేతిలో పెట్టాడు. చివరికి వెనక్కి వెళ్లి ఆ స్టీలు కంచం కూడా తెచ్చుకున్నాడు. పిండిమర పైన రెండు గదులు దొరికాయని డ్రైవరుతో అంటుంటే విన్నాను. ఇల్లు ఖాళీ అయింది. ఆ సాయంత్రం మొదటిసారి మా సంఘం దాన్ని తృప్తిగా చూసుకుంది. ఎంత శుభ్రంగా ఉందో.

మార్చి దగ్గరపడ్డాక బాలశౌరికి అనుమానం వచ్చింది. "ఒరే చిన్నప్పా, తనిఖీకి ఏడుగురు యువకులు కావాలి కదరా. వాళ్లనేమో పంపించేశాం."

దీనికి కూడా మందు నా దగ్గరే ఉంది. విధివిధానాలకు ఒక సవరణ చేర్చాను. అభ్యర్థి వయస్సును అతడు ఈ గృహమందు మొదట ప్రవేశించిన తేదీ నాటికి లెక్కించవలెను. ఆ లెక్కన నా వయసు పంతొమ్మిది. మరియదాసుగారు ఇరవై ఒకటి. బాలశౌరి పద్దెనిమిది, అందరికన్నా చిన్నవాడు. సమాజ జీవన అనుభవం కూడా పదేళ్లకి సరిపోయేలా కూడిపెట్టాను. మా ఏడుగురికి తప్ప ఈ భూమ్మీద ఆ అర్హతలు ఇంకెవరికీ లేవు.

తనిఖీకి వారం ముందు మేం ఏడుగురం యువకులం పెట్టెలతో దిగాం. సమాజ జీవనం గడపడం మొదలుపెట్టాం. కిటికీ పక్క మంచం కోసం మొదటి రోజే మాటామాటా వచ్చింది. ఫ్యాన్లు లేవు గనక అందరికీ ఆ మంచమే కావాలి. నా గురక తగ్గించుకోవాలని మరియదాసుగారు లిఖితపూర్వకంగా కోరారు. ఆయన తన గురకను వినలేదు. బాలశౌరికి చక్కెర, మరియదాసుగారికి రక్తపోటు, నాకు కారం పడదు. అందుకని ఎవరింటి క్యారియరు వాళ్లకి వచ్చేది. ఎవరి మంచం మీద వాళ్లం తిన్నాం. నేల మీద మోకరిస్తే లేవలేం కాబట్టి జపమాల కుర్చీల్లో కూర్చుని ఆరున్నరకే చెప్పుకున్నాం, అంటే చెప్పుకుంటూ ముగ్గురం నిద్రపోయాం. ఇల్లు తుడిచే వంతు ఎవరిదో తేలక నాలుగో రోజు నుంచి ఎవరూ తుడవలేదు. అయిదో రోజు నుంచి ఇద్దరు యువకులకు మాటల్లేవు. అందులో ఒకణ్ణి నేను.

జోజప్పగారి పండుగనాడు పూజ అయ్యాక ఫాదర్ గ్రెగోరీగారు తనిఖీకి వచ్చారు. వరసగా నిలబడ్డ మమ్మల్ని చూశారు. మా వెనకాల చూశారు.

"యువకులు ఎక్కడ?"

నేను ఒక అడుగు ముందుకేసి సవరణ చదివి వినిపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తానూ చదివారు. ముఖం వికసించింది. "నిబంధనకు లోబడి యవ్వనమును రుజువు చేసినారు. మా కార్యాలయమున ఇటువంటి స్పష్టత అరుదు," అన్నారు. అద్దాల పెట్టెలోని కంచాన్ని చూసి తల ఊపారు. స్టవ్వును చూశారు. ఎవరూ తొక్కకుండా గుమ్మపు రాయి చుట్టూ మేం కట్టిన తాడును మెచ్చుకున్నారు.

పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. జోజప్ప గృహం సమాజ జీవన పరిరక్షిత స్థలంగా గుర్తించబడింది. దాని పవిత్రతకు భంగం కలగకుండా ఇకమీదట అందులో ఎవరూ నివసించరాదు. ఆవరణ ఖాళీగా ఉన్నందున, గృహమునకు తగలకుండా, కల్యాణ మండపమునకు వచ్చు వాహనములను అందు నిలుపుకొనవచ్చును.

మేం గెలిచాం. బాలశౌరి లడ్డూలు పంచాడు. అతనికీ నాకూ మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఒక్క కాగితం మాత్రం మిగిలింది. తాము స్వచ్ఛందంగా ఖాళీ చేశామని పాత నివాసులు సంతకం పెట్టాలి. ఆ శుక్రవారం సాయంత్రం కాగితం జేబులో పెట్టుకుని పిండిమర వీధికి వెళ్లాను.

మెట్ల నిండా పిండి. పట్టుకున్న చోటల్లా చేయి తెల్లబడింది. పైకి వెళ్లేసరికి జపమాల ఆఖరి దేవమాత జపం అవుతోంది. టైము ఏడున్నర దాటింది. ఇక్కడ దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తలుపు తీసే ఉంది గానీ తట్టాను. ఎందుకు తట్టానో తెలీదు.

గదిలో చాప పరిచి ఉంది. మూల గ్యాసు పొయ్యి మీద పప్పుచారు కాగుతోంది. తపస్సు కాలం శుక్రవారం, మాంసం ముట్టరు గనక వంకాయ కూర. నేను పనివాణ్ణి, ముందు తలలు లెక్కపెట్టాను. జెరోమ్, అతనితో ముగ్గురు, పెట్టెలతో వచ్చి వెళ్లిపోయిన ముగ్గురు. మొత్తం ఏడుగురు. చాప చుట్టూ కంచాలు కూడా లెక్కపెట్టాను. రెండోసారి కూడా ఎనిమిదే వచ్చాయి.

"జెరోమ్, నేను వచ్చిన పని..." అని జేబులో చెయ్యి పెట్టాను.

"తిన్నాక చెప్పండి సార్," అన్నాడు. స్టీలు కంచం నా ముందుకి జరిపాడు.

కూర్చున్నాను. అన్నం పెట్టారు. కారం పడదని చెప్పవలసింది, చెప్పలేదు. రెండో ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. పచ్చిమిరపకాయలని అనుకుని ఒక కుర్రాడు నాకు మజ్జిగ పోశాడు. అనుకోనిచ్చాను. అరవై నాలుగేళ్లకి నాకు బుద్ధి వచ్చిందని చెప్పను, ఏడుపు మాత్రం వచ్చింది. తిన్నాక అడిగారు, ఏం పని మీద వచ్చారని. నా కంచం నేను కడుక్కుంటానని చెప్పాను. కాగితం జేబులోనే తడిసిపోయింది.

తర్వాతి సమావేశంలో బాలశౌరి ఉత్సాహంగా లేచాడు. పిండిమర యజమాని అతని దగ్గరే సిమెంటు కొంటాడట. "అధ్యక్షా, ఆ వీధిలో ఏడుగురు కుర్రాళ్లు ఉన్నారంట. కలిసి వండుకుంటున్నారంట, కలిసి జపమాల చెప్పుకుంటున్నారంట. ఎవరొచ్చినా అన్నం పెడతన్నారంట. అచ్చం మన రోజుల్లో లాగా."

మరియదాసుగారు లేచి నిలబడ్డారు. "ఇట్టి అరుదైన సమాజ జీవనమును ఉపేక్షించుట మహాపరాధము. తక్షణమే పరిరక్షించవలెను. కార్యదర్శీ, తీర్మానము వ్రాయుము. చిరునామాతో సహా."

అందరూ నా వైపు చూశారు. కలం తీశాను. తీర్మానం నాకు వచ్చినంత బాగా రాశాను. ఉపనిబంధనలు తొమ్మిది పెట్టాను. ఇంటి నంబరు రాయవలసిన చోట, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో మొట్టమొదటిసారి, తెలిసి తెలిసి తప్పు రాశాను.

ఆ నంబరు స్థలంలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మర్నాడు సంఘం వెళ్లి పరిశీలించింది. చుట్టూ ఇనప కంచె, తాళం, ఎవరూ దగ్గరికి రాకూడదని పుర్రె బొమ్మతో బోర్డు చూసి మరియదాసుగారు చేతులు జోడించారు. "ఇచ్చట పరిరక్షణ మనకన్నా ముందే ఆరంభమైనది," అన్నారు. ప్రస్తుతం అది మా సంఘం ఆధ్వర్యంలో క్షేమంగా ఉంది. ఏటా జోజప్పగారి పండుగకి పూలదండ వేయాలని తీర్మానం కూడా అయింది.

నేను శుక్రవారాలు పిండిమర మెట్లెక్కుతాను. అంట్లు తోమే వంతు నాకు ఇచ్చారు. నా వయసు పంతొమ్మిదని ఎవరో వాళ్లకి చెప్పారు, అందుకని జాలి చూపించరు. కిందటి శుక్రవారం నేను వెళ్లేసరికి నా కంచం ముందు ఒకాయన కూర్చుని ఉన్నాడు. నెత్తిన తువ్వాలు, పక్కన సంచి. నేను గుమ్మంలో నిలబడిపోయాను. జెరోమ్ లేచి తొమ్మిదో కంచం తెచ్చి పెట్టాడు. ఆయన పక్కనే కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలీదు. అడగలేదు. ఇంకా తింటున్నాడు.